అంశానికీ అంశానికీ మధ్య

సోమవారం

ఈ ఉదయం స్లైడు కిందికి దిగడానికి చాలాసేపు పట్టింది. ఉదయం అని అలవాటు కొద్దీ రాస్తున్నాను. చంద్రుడి దక్షిణ కొసన ఉన్న ఈ గట్టు మీద సూర్యుడు అస్తమించడు. కొండల అంచు పట్టుకుని చుట్టూ పాకుతూ ఉంటాడు. కింద గుంటలో ఎన్నడూ ఉదయించడు. ఆ చీకట్లో అరవైమంది ఆవిరి పైపులతో మంచు కరిగించి తీస్తారు. వెలుగులో నేనొక్కదాన్ని ఉంటాను.

నా పని స్లైడులు కూర్చడం. ఏ షిఫ్టులో ఏ గొట్టం విప్పాలి, ఏ సొరంగంలోకి పోకూడదు, ఎవరు ఎక్కడ దిగాలి అన్నది గట్టు అవతలి కేంద్రం నుంచి నాకు రేడియోలో వస్తుంది. దాన్ని అంశాలుగా విడగొట్టి, వరుసగా పేర్చి, గట్టు చివరనున్న దీపం మిణుకుల్లో కిందికి పంపుతాను. కింద భోజనాల గదిలో గోడకు ఒక పాత బోర్డు ఉంది. దానికి తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలు పంపితే క్షణంలో చూపిస్తుంది గానీ కింద ఇంగ్లీషు చదివేవాళ్లు తక్కువ. తెలుగు అక్షరాలు పంపితే ఖాళీ గళ్లు చూపిస్తుంది. అందుకని ప్రతి స్లైడునూ బొమ్మగా మార్చి చుక్కచుక్కగా పంపాలి. కొండచరియ విరిగి రేడియో స్తంభం గుంటలోకి జారిపోయినప్పటి నుంచీ ఇదే దారి.

స్తంభం పడేనాటికి ఇక్కడ ఇద్దరం ఉండేవాళ్లం. సరోజిని గారు దీపం చూసుకునేవారు. ఎముకలు పలచబడ్డాయని ఆమెను కేంద్రానికి తీసుకెళ్లారు. ఆమె బదులు ఇంకొకరు వస్తారన్నారు. రాలేదు. ఇప్పుడు దీపం అద్దం మీది దుమ్ము దులపడం, బ్యాటరీల వేడి చూడటం, నీళ్ల వడపోత మార్చడం అన్నీ నావే.

స్లైడు పంపే ముందు పైకి చదువుతాను. తప్పులు దొరుకుతాయని మొదలుపెట్టాను. ఇప్పుడు తప్పుల కోసం కాదు. రోజంతా నోరు విప్పకపోతే గొంతు పట్టేస్తోంది.

మంగళవారం

కేంద్రంలో మా అధికారి కృపానందం గారు. కుశలప్రశ్నలతో మొదలుపెట్టి చెడ్డ వార్త చెప్పడం ఆయన పద్ధతి.

"తాయారు గారూ, భోంచేశారా?"

"చేశాను సార్. ఏమిటి విషయం?"

"దీపం రీడింగులు చూశాను. షిఫ్టుకి మూడేసి స్లైడులు పంపుతూ పోతే అది భూమి నుంచి ఓడ వచ్చేదాకా నిలవదు. కొత్త దీపం ఆ ఓడలోనే ఉంది. ఇకనుంచి షిఫ్టుకి ఒక్క స్లైడే."

"మూడింట్లో ఉన్నది ఒకదాంట్లో ఎలా పడుతుంది సార్?"

"పట్టించాలి. అక్షరాలు చిన్నవి చేయండి."

"ఒకసారి చేసి చూశాను. బోర్డు చుక్కలు ముతకవి. అక్షరం చిన్నదైతే గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు."

"అయితే మధ్యలో ఖాళీలు తగ్గించండి. మీ స్లైడుల్లో సగం ఖాళీయే కదా. అందంగా ఉంటాయి, కాదనను. అందం సంగతి తర్వాత చూసుకుందాం."

అందం కోసం కాదని చెప్పబోయాను. ఆయన అప్పటికే ఇంకో లైనులో ఎవరికో జవాబిస్తున్నారు.

మూడో స్లైడు అడుగున ఒక పొడుపుకథ పెట్టేదాన్ని. పెట్టమని ఎవరూ చెప్పలేదు. జవాబు ఆదివారం తెలిసేది. గనిలో పనివాళ్లకు పెద్ద, సర్దార్ ఓదెలు, ప్రతి ఆదివారం గుంటలోంచి ఎక్కి సగం దారిలో ఉన్న మెట్ట మీదికి వస్తాడు. గుంట అడుగు నుంచి అందని సూటు రేడియో అక్కడి నుంచి నాకు అందుతుంది కనుక నాతో మాట్లాడగలడు. పోయిన వారం "మూత పెడితే ఉంటుంది, తీస్తే పోతుంది, ఏమిటది?" అని పెట్టాను.

"చీకటి అన్నడు మా గట్టయ్య," అన్నాడు ఓదెలు నవ్వుతూ. "మాకు తెల్వదా చెల్లె? దాంట్లనే బతుకవడ్తిమి."

ఇవాళ ఆ పొడుపుకథ వరుస తీసేశాను. తీసేశాక వేలు మీట మీదే ఉండిపోయింది కాసేపు.

బుధవారం

జాబితాలో మూడు రకాల ఖాళీలు ఉంటాయి. శీర్షికకూ జాబితాకూ మధ్య ఒకటి. అంశానికీ అంశానికీ మధ్య ఒకటి. ఒకే అంశం రెండు వరుసలైతే ఆ వరుసల మధ్య ఇంకొకటి. కూర్పు ప్రోగ్రాములో వేటి కొలత వాటిదే. మామూలుగా అంశాల మధ్య ఎడం, వరుసల మధ్య ఎడానికి రెట్టింపు ఉంచుతాను.

ముందు శీర్షిక కిందిది తగ్గించాను. చాలలేదు. అంశాల మధ్య ఎడాన్ని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చాను, చివరికి వరుసల ఎడంతో సమానమైంది. ఇంకా రెండు వరుసలు బోర్డు దాటి కిందికి వేలాడుతున్నాయి. రెండో వరుస లోపలికి జరిగి ఉండేలా పెట్టిన అంచు కూడా తీసేస్తే కొన్ని అంశాలు ఒక్క వరుసలో ఇమిడాయి. అప్పటికీ ఒకటి మిగిలింది. ఇక వరుసల ఎడమే తగ్గించాలి.

అది తగ్గించేసరికి ఒత్తులు కింది వరుస గుడులకు తగిలాయి. 'గొట్టం'లో టావత్తు కింద ఉన్న 'మీట'కు కొమ్ములా మొలిచింది. మన రాతకు పైనా కిందా చోటు కావాలి. కింద కాళ్లు చాపుకుంటుంది, పైన తలకట్టు కట్టుకుంటుంది. ఇరుకు గదిలో ఒకరి కాళ్లు ఇంకొకరి తలకు తగిలినట్టయింది నా స్లైడు.

గురువారం

ఒత్తులు లేని తెలుగు రాస్తున్నాను!

గొట్టం పైపు అయింది. జాగ్రత్తలో ఎన్ని కాళ్లో, దాన్ని తీసేసి 'పదిలం' అని పెట్టాను. అది మా నాయనమ్మ మాట. వద్దు అనే బదులు కూడదు. తప్పనిసరిగా అనే బదులు మరవకుండా. పేర్లను మాత్రం మార్చలేను కదా. గట్టయ్య, రాజవ్వ లాంటి పేర్లున్న అంశాన్ని స్లైడు అడుగుకు తెచ్చాను. అక్కడైతే ఒత్తు కింద తగలడానికి ఏమీ ఉండదు.

పన్నెండు అంశాలూ ఒకే స్లైడులో పట్టాయి. ఒక్క ఒత్తూ దేనికీ తగలలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చెప్పుకోవడానికి ఎవరున్నారా అని చూశాను. సరోజిని గారి కుర్చీ మీద నా సూటు ఆరేసి ఉంది.

ఆదివారం

ఓదెలు మెట్ట మీదికి వచ్చాడు. ఎక్కిన ఆయాసం రేడియోలో వినిపించింది.

"మంచిగున్నవా చెల్లె?"

"బాగున్నానన్నా. కొత్త స్లైడులు ఎలా ఉన్నాయి?"

"ఉన్నయి. అన్నీ ఒక్కదాంట్లనే వస్తున్నయి. గాని సదువుతాంటె దమ్ము వస్తలేదు. యాడ ఆగాల్నో సమజైతలేదు. నా కండ్లే పాడైనయో ఏమో."

"కళ్లు కాదన్నా. నేనే దగ్గరగా పేర్చాను. దీపం బలహీనపడింది."

"గంతేనా. సరే గాని, గా పొడుపుకథ ఏమాయె? మా పోరగాండ్లు బువ్వ తినుకుంట అడుగుతాండ్రు."

చోటు లేదన్నాను. అతను "అట్లనా" అన్నాడు. సూటులో గాలి చూసుకుని దిగిపోయాడు.

కేంద్రానికి చెప్పాను. కృపానందం గారు "వచ్చే వారం కూర్చుని చూద్దాం" అన్నారు.

మంగళవారం

గని నుంచి పైకి మాట పంపడానికి వాళ్లకు చిన్న దీపం ఒకటే ఉంది. పచ్చగా వెలిగితే స్లైడు అందినట్టు. ఎర్రగా వెలిగితే ఆపద.

మొదటి షిఫ్టు మొదలైన కాసేపటికి ఎర్రగా వెలిగింది.

ఏమైందో తెలియదు. ఎవరికైందో తెలియదు. కేంద్రానికి చెప్పాను. మెట్ట మీదికి ఎవరో ఒకరు వస్తారు, వినండి, అన్నారు. రేడియో ముందు కూర్చున్నాను. స్తంభాన్ని పడేసిన గుట్ట మళ్లీ కదిలిందేమోనని కొలతలు చూశాను. కదల్లేదు. సొరంగంలో గాలి పోయిందా? షిఫ్టులో దిగినవాళ్ల పేర్లు నా స్లైడులోనే ఉన్నాయి. ఒక్కో పేరూ చదువుతూ, వీళ్లలో ఎవరు అనుకుంటూ కూర్చున్నాను. ఏ పేరు దగ్గరా ఆగాలనిపించలేదు.

చివరికి ఓదెలు గొంతు వినిపించింది.

"చెల్లె, గట్టయ్య చేతి మీద ఆవిరి కొట్టింది. సూటు చెయ్యి కాలిపోయింది. మనిషి పానంతోనే ఉన్నడు. బండి తయారు చేస్తున్నం, ఆసుపత్రికి తేవాలె."

"ఎలా జరిగిందన్నా?"

"మూడో పైపు మూత తీసిండు. అది ఇంక సల్లారలే."

"తీయకండి అని రాశాను కదన్నా! వేడి పోయేదాకా తీయకండి అని..."

"నాలుగోదాని మూత తియ్యొద్దని రాసినవ్," అన్నాడు ఓదెలు. "మేం తియ్యలే."

స్లైడు తెర మీదికి తెచ్చుకున్నాను. ఇలా ఉంది:

• రెండో పైపులో ఆవిరి ఆపండి
• మూడో పైపు వేడి పోయేదాకా
మూత తీయకండి
• నాలుగో పైపు బిగించి చూడండి

"అన్నా, ప్రతి అంశానికీ ముందు చుక్క ఉంది. కనపడలేదా?"

"ఏ చుక్క? బోర్డుకు ఎడమ దిక్కు ఎప్పుడూ మంచు పేరుకునే ఉంటది. అక్షరాలే సగం గీకి సదువుతం."

చుక్కలు తీసేసి మళ్లీ చదివాను. రెండో పైపులో ఆవిరి ఆపండి, మూడో పైపు వేడి పోయేదాకా. మూత తీయకండి, నాలుగో పైపు బిగించి చూడండి. ఎక్కడా తడబాటు లేదు. నేనైనా అలాగే చదివేదాన్ని. ఇన్నాళ్లూ చుక్కలు లేకుండానే వాళ్లు చదువుకున్నారు. అంశాల మధ్య ఖాళీ చూసుకుని ఆగేవాళ్లు. ఆ ఖాళీ నేను తీసేశాను.

ఒక్క ఒత్తు కూడా లేని నాలుగు వరుసలు.

గురువారం

గుంట చుట్టూ తిరిగే దారిలో రెండు రోజులు పట్టి బండి వచ్చింది. గుంట నుంచి కేంద్రానికి పోయే దారి మా గట్టు మీదుగానే. చీకట్లో ఎక్కి వచ్చేసరికి దాని బ్యాటరీ అయిపోతుంది, ఎండలో పూటంతా నిలబెట్టి నింపుకోవాలి. నా తలుపు అవతల మనిషి అడుగు పడి ఎంతకాలమైందో. నేల అదిరితే తలుపు దగ్గరికి పరుగెత్తాను.

ఓదెలు గొంతును బట్టి పెద్ద మనిషిని ఊహించుకున్నాను. పొట్టివాడు, నెరిసిన మీసం. గట్టయ్య పొడగరి, ముప్పై దాటి ఉండవు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి మెడకు వేలాడదీశారు. మందు మత్తులో ఉన్నా నన్ను చూసి లేవబోయాడు.

"కూర్చో గట్టయ్యా."

"అక్కా, నువ్వు గింత సన్నగున్నవేంది? బువ్వ తింటలేవా?"

ఏడుపొచ్చింది. టీ పెట్టే నెపంతో అటు తిరిగాను.

టీ తాగాక స్లైడు తెర మీద చూపించి చదవమన్నాను. గట్టయ్య నవ్వాడు. "నాకు సదువు అంతంతే అక్కా. అన్న పెద్దగ సదువుతడు, మేం తినుకుంట ఇంటం."

అందరూ ఎవరికి వారు గోడ మీద చూసి చదువుకుంటారనే ఇన్నాళ్లూ అనుకున్నాను. పాత స్లైడు ఒకటి, ఎడం సరిగా ఉన్నది, తీసి ఓదెలును చదవమన్నాను. భోజనాల గదిలో ఎలా చదువుతాడో అలాగే చదివాడు, గొంతెత్తి. ఒక అంశం అయ్యాక ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఆ ఆగినప్పుడు గట్టయ్య తెలియకుండానే తల ఊపాడు. మళ్లీ చదివాడు, ఆగాడు. గట్టయ్య తల ఊపాడు.

తర్వాత మంగళవారం నాటిది చదివాడు. ఊపిరి తీసుకునే చోటు వెతుక్కుంటూ దొరికిన చోట తీసుకున్నాడు. 'వేడి పోయేదాకా' దగ్గర.

"గిట్లనే సదివిన," అన్నాడు ఓదెలు నెమ్మదిగా. "నా నోటితోనే సదివిన చెల్లె."

"నా చేత్తోనే పేర్చానన్నా."

గట్టయ్య ఇద్దర్నీ చూసి, "చెయ్యి నాదైతే మీరెందుకు ఏడుస్తాండ్రు?" అన్నాడు. అని తనే కళ్లు తుడుచుకున్నాడు, ఎడంచేత్తో.

గురువారం, బండి బయల్దేరే ముందు

కృపానందం గారు రేడియోలో పిలిచారు. గట్టయ్య ఎలా ఉన్నాడని అడిగారు. ఆ అడగడం మర్యాదకి కాదు.

"తాయారు గారూ, ఒకటి చెప్తాను. బండిలో ఒక సీటు ఖాళీ ఉంది. మీరూ వచ్చేయండి. చాలా కాలం ఒంటరిగా ఉన్నారు. తప్పు మీది కాదు, నాది."

"నేను వస్తే స్లైడులు ఎవరు చేస్తారు సార్?"

"ఇక్కడ యంత్రం చేస్తుంది. అంశాలు ఇస్తే చాలు, తనంతట తానే బోర్డుకి సరిపోయేలా కుదించి మీ దీపానికి పంపేస్తుంది."

"ఎలా కుదిస్తుంది?"

ఆయన అక్కడ ఎవరినో ఏదో అడగడం వినిపించింది.

"ఎడం తగ్గించేనా సార్?"

"అంతేననుకుంటాను."

ఓదెలు బండి తలుపు దగ్గర నిలబడి నా వైపు చూస్తున్నాడు. బండిలో ముగ్గురు పట్టే బెంచీ ఉంది. కేంద్రంలో మూడువందల మంది ఉంటారు. వంటగదిలో గిన్నెల చప్పుడు, మెట్ల మీద ఎవరో ఎవరినో పిలవడం, భోజనాల బల్ల దగ్గర కొంచెం జరగమనడం. సరోజిని గారు కూడా అక్కడే. ఆ చప్పుడంతా చెవుల్లో మోగింది ఒక్క క్షణం. బ్యాగు కూడా కిందికి దించాను, అబద్ధమెందుకు.

"సార్, నేను రాను. షిఫ్టుకి తొమ్మిది అంశాలే పంపుతాను. అంశాల మధ్య ఎడం మాత్రం మునుపటిలాగే ఉంటుంది."

"మిగతా మూడు? ప్రతి విభాగం వాళ్లూ నా మీద పడతారు."

"ప్రాణానికి సంబంధించినవి స్లైడులో ఉంటాయి. స్టోర్సు లెక్కలూ రిపోర్టులూ నాకివ్వండి, ఆదివారం ఓదెలుకి నోటితో చెప్తాను."

"సరే, వాళ్లతో నేను పడతాను" అన్నారు.

బండి పోయింది. దుమ్ము ఇక్కడ గాలిలో తేలదు, లేచినంత వేగంగా పడిపోతుంది. చక్రాల గుర్తులు మాత్రం మిగిలాయి. టీ గ్లాసులు మూడూ వెంటనే కడగలేదు.

శనివారం

తొమ్మిది అంశాలు వెళ్లాయి. పచ్చదీపం వెలిగింది. గొట్టాన్ని మళ్లీ గొట్టమనే రాశాను. బోర్డు ఎడమ అంచున మంచు ఉంటుంది కనుక జాబితా మొత్తాన్ని కుడివైపుకు జరిపాను.

చిన్న గది. అయినా బండి వచ్చి వెళ్లాక పెద్దదైంది. మునుపు ఇంత ఖాళీగా అనిపించలేదు. బండి రాకపోయి ఉంటేనే బాగుండేదేమో అని కూడా అనుకున్నాను ఒకసారి. మళ్లీ అనుకోలేదు.

బుధవారం

గట్టయ్యను దింపి ఓదెలు గనికి తిరిగిపోయాడు. ఆసుపత్రి నుంచి గట్టయ్య రేడియోలో మాట్లాడాడు. చెయ్యి నిలబడిందట. రెండు వేళ్లు మాత్రం వంగవంటున్నారట.

"అక్కా, నీ పెద్దసారు వచ్చిండు నన్ను సూడ. ఊకె సూసి పోతడనుకున్న. కాయితం మీద గా రాత పట్టుకచ్చి, సదువుమన్నడు."

"చదివావా?"

"అంతంతే సదువు అని చెప్పిన. అయితే నేను సదువుత విను అని ఆయనే సదివిండు. సదివి, యాడ ఆగిండో సూసుకొని, కాయితం మలిచి జేబుల ఏసుకొని ఎల్లిపోయిండు. మంచోడే అక్కా. గాని ఎన్నడు కింద దిగిన మనిషి కాదు."

ఆ తర్వాత ఏవేవో మాట్లాడాడు. ఆసుపత్రి పప్పులో ఉప్పుండదట. నేను ఊఁ కొడుతూ విన్నాను. పెట్టేస్తానన్నప్పుడు, ఇంకేం విశేషాలని అడిగాను. ఏమీ లేవన్నాడు. అయినా ఇంకాసేపు మాట్లాడాడు.

సోమవారం

దీపం సగం స్లైడు పంపి ఆరిపోయింది. చల్లారాక మిగతా సగం పంపాను. తొమ్మిది అంశాలు ఆరయ్యాయి. ఓడ ఇంకా నెల దూరంలో ఉందట.

గురువారం

మూడు అంశాలు. మూడో అంశం సగంలో దీపం ఆరింది. పచ్చదీపం వెలగడానికి చాలాసేపు పట్టింది, బహుశా మిగతా సగం వస్తుందని బోర్డు ముందు కూర్చుని ఉంటారు.

గుట్ట కొలతలు బాగాలేవు. తూర్పు అంచు కొద్దికొద్దిగా కదులుతోంది. ఇప్పటికి భయం లేదు. భయం వచ్చిన రోజున చెప్పడానికి దీపం ఉండదు. కృపానందం గారిని పిలిచాను.

"ఇవాళో రేపో ఆరిపోతుంది సార్. ఆ తర్వాత గుట్ట కదిలితే వాళ్లకి ఎవరు చెప్తారు?"

"గని మూసేస్తే మూడు నెలల నీళ్లు వెనకబడతాం. నాకు మాత్రం తేలికా?" గొంతు అలసిపోయి ఉంది. "దీపంలో ఇంకా ఎన్ని వరుసలకి ఓపికుంది?"

"ఒకటి. అదీ అనుమానమే."

"ఒక్క వరుసలో ఏం చెప్పగలం తాయారు గారూ?"

"రమ్మని చెప్పగలం."

రేడియో గరగరలో కాగితం మడత విప్పిన చప్పుడులాంటిది వినిపించింది. నా భ్రమ కావచ్చు.

"రమ్మనండి," అన్నారు. "అందర్నీ. పై వాళ్లకి నేను జవాబు చెప్పుకుంటాను."

పని ఆపి అందరూ పైకి రండి. అంతే రాశాను. జాబితాలో ఒకటే అంశమైతే ప్రోగ్రాము దాన్ని పై అంచుకు అతికిస్తుంది. నేను కిందికి దించి బోర్డు నడిమధ్యకు తెచ్చాను, మంచు తాకని చోటికి. గొంతెత్తి చదివాను. పంపాను.

చివరి చుక్క వెళ్లిందో లేదో, దీపం ఆరింది. మళ్లీ వెలిగించి చూశాను. వెలగలేదు.

కిటికీ దగ్గర నిలబడ్డాను. పచ్చదీపం లేదు. ఎర్రదీపం లేదు. వరుస తెగిపోయి 'పని ఆపి' దాకానే వెళ్లిందేమో. 'అందరూ' అన్నది చేరిందో లేదో. టీ పెట్టుకుని, తాగకుండా వదిలేశాను. కూర్చోలేకపోయాను.

పచ్చగా వెలిగింది.

శనివారం

ఐదు బండ్లు, రెండు విడతలుగా వచ్చాయి. అందరూ ఒకేసారి గదిలో పట్టరు, ఏడెనిమిది మంది చొప్పున లోపలికి వచ్చి, టీ తాగి, బండి బ్యాటరీ నిండాక కేంద్రానికి పోయారు. చాలామంది తలుపు దాటగానే కళ్లు మూసుకున్నారు, కిటికీలోంచి పడే ఎండకు.

వాళ్ల పేర్లన్నీ నాకు కంఠతా వచ్చు. మొహాలు ఒక్కటీ తెలియవు. ఒక్కొక్కర్నీ నీ పేరేమిటని అడిగాను. పేరు చెప్పగానే ఏ షిఫ్టో, ఏ సొరంగమో నేనే చెప్పాను. అది వాళ్లకు వింతగా ఉంది. వెడల్పు మొహం ఉన్న ఒకామె మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"నేను రాజవ్వ. నిన్నొకటి అడగాల్నని ఎన్నొద్దులనుంచో ఉన్న. నా పేరు ఎప్పుడు అడుగునే ఏస్తవేందే? నేనేం పాపం జేసిన?"

"నీ పేరులో కింద ఒత్తుంది. దానికి ఏదీ తగలకూడదని చివర పెట్టాను."

రాజవ్వ ఆలోచించింది. "అట్లనా," అంది. పక్కామెతో, "ఇన్నవా? నాకు తగలొద్దని పెట్టిందట," అంది గట్టిగా, గదంతా వినేలా.

చివరి బండి ఓదెలుది. దీపం విప్పి, అద్దం గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టాను. కొత్తది వచ్చినప్పుడు ఎవరో ఒకరు మళ్లీ ఇక్కడికి రావాలి. నేనే రావచ్చు. కృపానందం గారు ఈసారి ఇద్దరిని పంపుతామన్నారు, నేను అడగకుండానే.

గదిలో అన్నీ ఆపి, సూటు వేసుకుని, తలుపు బిగించి బండి ఎక్కాను. మిగిలినవాళ్లంతా అందులోనే ఎక్కారు. ముగ్గురు పట్టే బెంచీ మీద ఐదుగురున్నారు. కింద మోకాళ్లు ముడుచుకుని ఇంకొందరు.

"జరుగుండ్రి," అన్నాడు ఓదెలు వెనక్కి తిరిగి. "చెల్లెకు జర జాగ ఇయ్యిండ్రి."

జరగక్కర్లేదని చెప్పాను. రాజవ్వకూ గోడకూ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. ఆమె భుజం నా భుజానికి ఆనుకుని ఉంది. బండి కదిలింది. ఈ మాటలు మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను, చెయ్యి కదిలినప్పుడల్లా ఎవరికో ఒకరికి తగులుతోంది. ఎవరూ ఏమీ అనడం లేదు.